ఫోన్ మీద గీత, జీతంలో కోత

మెటల్ బాడీ ఫోన్ తీసుకుంటే తొందరగా గీతలు పడిపోతాయా? కొనేముందు చాలామంది అడిగే మాట ఇది. పడతాయి. ఎంత ఖరీదు పెట్టినా, ఎంత పేరున్న కంపెనీదైనా, అల్యూమినియం చట్రం ఉన్న ఫోన్ పని చేసుకునే మనిషి జేబులో కొన్నాళ్ళు తిరిగితే అంచుల్లో తెల్లబడుతుంది. అంతమాత్రాన దిగులుపడి నచ్చిన ఫోన్ మానుకోనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫోన్ చేతిలో లేకపోతే రోజు గడవని ఉద్యోగాలు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. ఉపాధి పనుల మేట్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు, మందుల కంపెనీల ప్రతినిధులు, ఫైనాన్స్ వసూలు కుర్రాళ్ళు, పార్సిళ్ళు చేరవేసేవాళ్ళు. వీళ్ళందరికీ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గీత ఫోన్ పనిని చెడగొట్టదు. అది ఏ రోజు పడిందో మీ దగ్గర రుజువు లేకపోతే మాత్రం మీ డబ్బును తినేస్తుంది.

ముందు లోహం సంగతి తెలుసుకుందాం. అల్యూమినియం మెత్తటి లోహం. ఇంట్లో సత్తు గిన్నెను పీచుతో గట్టిగా తోమితే గీతలు పడి లోపలి మెరుపు బయటికొస్తుంది కదా, ఫోన్ చట్రం కూడా ఆ జాతిదే, కాకపోతే కాస్త గట్టి మిశ్రమం. దానికి రంగు పట్టడానికీ, పైభాగం గట్టిపడడానికీ ఆమ్లంలో ముంచి కరెంటు పంపి ఒక ఆక్సైడ్ పొరను పెంచుతారు. దీన్ని ఆనోడైజింగ్ అంటారు. ఆ పొర నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. రంగును వాటిలోకి ఎక్కించి, పైన మూసేస్తారు. పొర గట్టిదే. కెంపు, నీలం రాళ్ళు కూడా అల్యూమినియం ఆక్సైడే మరి. చిక్కల్లా మందంలో ఉంది. మామూలుగా అది తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. మొనదేలిన వస్తువు గట్టిగా ఒత్తుకుంటే కింద మెత్తటి లోహం లొంగుతుంది, దాని మీది పొర పగిలి రాలుతుంది, రాలినచోట వెండి రంగు బయటపడుతుంది. వాడిగా మలిచిన అంచుల దగ్గర ఆ పొర సరిగా అతుక్కోదు కాబట్టి మొదట అక్కడే రాలుతుంది.

ఇది చౌక ఫోన్ల జబ్బు అనుకోకండి. 2012 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 5 నల్లరంగు ఫోన్లు అంచుల్లో రంగు రాలి తెల్లబడుతున్నాయని కొన్నవాళ్ళు గోల పెట్టారు. ఆపిల్ మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్ ఒక కొనుగోలుదారుకి జవాబిస్తూ, అల్యూమినియం వస్తువు వాడకంలో గీసుకుని అసలు రంగు కనిపించడం మామూలేనని చెప్పారు. మరుసటి ఏడాది ఐఫోన్ 5ఎస్‌లో ఆ ముదురు నలుపు లేదు. దాని స్థానంలో లేత బూడిద రంగు వచ్చింది. పదమూడేళ్ళ తర్వాత, 2025 సెప్టెంబరులో, ఐఫోన్ 17 ప్రో టైటానియం వదిలి మళ్ళీ అల్యూమినియానికి రాగానే అదే గొడవ మళ్ళీ మొదలైంది. దుకాణాల్లో ప్రదర్శనకు పెట్టిన ఫోన్ల వెనక కనిపించిన గుర్తులు అరిగిపోయిన ఛార్జింగ్ స్టాండ్ల నుంచి అంటుకున్నవనీ, తుడిస్తే పోతాయనీ కంపెనీ వివరణ ఇచ్చింది. ఫోన్లు విప్పి పరీక్షించే ఐఫిక్సిట్ సంస్థ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినప్పుడు మాత్రం, కెమెరా దిమ్మె వాడి అంచు దగ్గర రంగు పొర పెచ్చులుగా ఊడుతున్నట్టు తేలింది. లక్ష రూపాయలు దాటిన ఫోన్ సంగతే ఇలా ఉంటే, పాతికవేల ఫోన్ అంచు తెల్లబడిందని కుమిలిపోవడం అనవసరం.

దీన్నిబట్టి రంగు ఎంచుకోవడం తేలిక. నలుపు, ముదురు నీలం, నారింజ అల్యూమినియం మీద ప్రతి గీతా మెరుస్తూ కనిపిస్తుంది. వెండి రంగు, లేత బూడిద రంగు తీసుకుంటే పొర రాలినా లోపలి లోహం రంగు దాదాపు అదే కాబట్టి గీత కలిసిపోతుంది. రోజంతా బయట తిరిగే ఉద్యోగమైతే నేను లేత రంగే తీసుకోమంటాను.

ఇంకో మాట. పదివేలు, పదిహేనువేల మధ్య ఫోన్లలో "మెటల్ ఫినిష్" అన్నవాటిలో చాలావాటికి లోహమే ఉండదు. ప్లాస్టిక్ మీద లోహంలా మెరిసే రంగు వేసి ఉంటుంది. దుకాణంలో చట్రం చుట్టూ వేలు పోనిచ్చి చూడండి. అసలు లోహమైతే ముట్టుకోగానే చల్లగా తగులుతుంది, సిగ్నల్ బయటికి పోవడానికి చట్రాన్ని అక్కడక్కడా కోసి సన్నటి ప్లాస్టిక్ గీతలు పెట్టి ఉంటారు. ఆ గీతలు లేకపోతే అది ప్లాస్టిక్ అయ్యే అవకాశమే ఎక్కువ. ప్లాస్టిక్ అంటే తక్కువ అని కాదు. కింద పడితే దెబ్బను కొంత తనే తీసుకుంటుంది. లోహం ధర పెట్టి ప్లాస్టిక్ కొనకండి, అంతే.

టైటానియం గట్టిది కదా అంటారు. గట్టిదే. 2023లో ఐఫోన్ 15 ప్రో, 2024లో శాంసంగ్ ఎస్24 అల్ట్రా దాంతోనే వచ్చాయి. ఆ టైటానియం తీసే ముడి ఖనిజాల్లో ముఖ్యమైన ఇల్మెనైట్ మన ఊళ్ళ పక్కనే ఉంది. భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం తీరాల్లో అల వెనక్కి వెళ్ళాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి చూడండి, వాటిలో ఎక్కువ భాగం అదే. దాని పక్కన ఎర్రగా మెరిసేది గార్నెట్. మనం అసలు భయపడాల్సింది ఈ ఎర్ర రేణువుకే.

ఏ వస్తువు దేన్ని గీస్తుందో చెప్పడానికి 1812లో జర్మన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు మోస్ పెట్టిన వరుస ఒకటుంది. ఒకటి నుంచి పది దాకా అంకెలు, ఎక్కువ అంకె తక్కువ అంకెను గీస్తుంది. అల్యూమినియం మూడుకి లోపే. ఫోన్ అద్దం సుమారు ఆరు. ఇత్తడి తాళంచెవి మూడు, మామూలు ఇనుప చాకు అయిదూ అయిదున్నర. జేబులో తాళంచెవి పెట్టుకుంటే స్క్రీన్ గీసుకుపోతుందని భయపడతాం గానీ, తాళంచెవి అద్దాన్ని గీయలేదు. మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ ఏడు. గార్నెట్ ఆరున్నర నుంచి ఏడున్నర. గరుకు కాగితం తయారీకి వాడే ఖనిజం అది. సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్ళకే ఈ బెడద అనుకోవద్దు. తూర్పు కనుమల్లో పరుచుకున్న ఖోండలైట్ రాతిలోనే గార్నెట్, క్వార్ట్జ్ ఉన్నాయి. ఆ రాయి అరిగి వంశధార, నాగావళి నీళ్ళలో కొట్టుకొచ్చి పొలాల్లో, రోడ్డు పక్కన, చివరికి తీరంలో పేరుకుంది. పార్వతీపురం రోడ్డు మీద బండి నడిపేవాళ్ళ చొక్కా జేబులో చేరే దుమ్ములో కూడా అద్దాన్ని గీసే రేణువులు ఉంటాయి.

అందుకని దుమ్ము పట్టిన ఫోన్‌ను పొడి తువ్వాలుతోనో చొక్కా కొసతోనో రుద్దకండి. రుద్దారంటే ఆ రేణువులతో మీరే గీతలు గీసినట్టు. ముందు ఊది దులపాలి. తర్వాత తడి చేసి పిండిన మెత్తటి నూలుగుడ్డతో, ఒత్తిడి లేకుండా, ఒకే దిక్కుగా తుడవాలి. పౌచ్ వేశాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళ ఫోన్ల మీదే నేను ఎక్కువ అరుగుదల చూశాను. పౌచ్‌కీ చట్రానికీ మధ్య దూరిన ఇసుక నడిచినప్పుడల్లా అక్కడే నలుగుతూ పొరను అరగదీస్తుంది. గట్టి ప్లాస్టిక్ పౌచ్ కన్నా మెత్తటి సిలికాన్‌ది మేలు. ఏదైనా సరే, వారానికోసారి ఊడదీసి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి వేసుకోండి. ఇసుకలో పని చేసేవాళ్ళు రోజూ తీసి దులపాలి.

పనినిబట్టి జాగ్రత్త మారుతుంది. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో, పాలిష్ యూనిట్లలో ఉన్నవాళ్ళకు రాతిపొడే శత్రువు. పని జరిగే చోట ఫోన్ జిప్ ఉన్న సంచిలో ఉండాలి. నౌపడ ఉప్పుమళ్ళలో, పడవల మీద పని చేసేవాళ్ళకు గీత కన్నా ఆ గీతలోకి దిగే ఉప్పు ప్రమాదం. పొర లేచిన చోట ఉప్పుతడి నిలిస్తే అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతూ పోతుంది. నీళ్ళకు తట్టుకుంటుందని పెట్టె మీద రాసిన ఐపీ68 పరీక్ష మంచినీళ్ళలో చేసింది, సముద్రపు నీళ్ళలో కాదు. ఉప్పునీరు తగిలితే మంచినీటి గుడ్డతో వెంటనే తుడవండి. నెల్లిమర్ల వంటి చోట జనపనార మిల్లుల్లో ఎగిరే నూగు చట్రాన్ని ఏమీ చెయ్యదు, స్పీకరు కన్నాల్లో, ఛార్జింగ్ సందులో కూరుకుంటుంది. మెత్తటి బ్రష్‌తో తీస్తే చాలు.

సిమెంటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన రెండు జిల్లాల నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వెళ్ళి తాపీ పనిలో, సెంట్రింగ్ పనిలో ఉన్నవాళ్ళు లెక్కలేనంతమంది. తడి సిమెంటుకు క్షారగుణం చాలా ఎక్కువ. అది ఆనోడైజింగ్ పొరను గీయకుండానే కరిగించేస్తుంది. అల్యూమినియం కిటికీలు బిగించాక ప్లాస్టరింగ్ మొదలుపెట్టేముందు ఫ్రేములకు టేపు అంటించేది ఇందుకే. సిమెంటు చేత్తో ఫోన్ ఎత్తి మాట్లాడి అలాగే జేబులో వేసుకుంటే, సాయంత్రానికి చట్రం మీద తెల్లటి మరకలు దిగుతాయి. అవి ఇక పోవు. పైకి సున్నం మరకలా ఉంటుంది గానీ, అక్కడ పొరే లేదు. వెంటనే తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు తప్పించుకోవచ్చు. ఫోన్ ఎత్తే పని మేస్త్రీకి తప్పదు కాబట్టి, చట్రం అంచుల దాకా అంటించే స్కిన్ వేయించుకుంటే ఖర్చు తక్కువ, రక్షణ ఎక్కువ.

గీతలు పోగొట్టడానికి పళ్ళపేస్టు రుద్దమని చెప్పే వీడియోలు ఉన్నాయి. వాటి జోలికి వెళ్ళకండి. పేస్టులో ఉండేది సన్నటి గరుకు పొడే. గీత చుట్టూ ఉన్న మంచి పొరను కూడా అది అరగదీస్తుంది. ఆనోడైజింగ్ ఊడిన చోట ఇంట్లో మళ్ళీ వేయడానికి మార్గం లేదు.

ఇక ఉద్యోగానికి పనికొచ్చే తేడా చెబుతాను. ఫోన్ మీద గీత వేరు, సొట్ట వేరు. చట్రం మూల సొట్టబడిందంటే లోపలి అద్దం అంచును లోహం నొక్కుతూ ఉంటుంది. తర్వాత చిన్న దెబ్బకే స్క్రీన్ పగలొచ్చు, నీళ్ళు రాకుండా వేసిన జిగురు కూడా విడిపోయి ఉండొచ్చు. సొట్టబడితే ఆలస్యం చెయ్యకుండా సర్వీసు సెంటరులో చూపించాలి. గీతలైతే వదిలెయ్యండి, ఒక్క కెమెరా అద్దం మీద తప్ప. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరును యాప్‌లో, పని జరిగే చోటే ఫొటోలు తీసి వేయడం తప్పనిసరి చేశారు. ఎండలో, సూర్యుడికి ఎదురుగా, గీతలుపడ్డ అద్దంతో తీసిన ఫొటో తెల్లగా అలుక్కుపోతుంది. మనుషులు కనిపించని ఫొటో వల్ల కూలీల దినం పోతే ఆ మాట పడేది మేటే. కెమెరా చుట్టూ అంచు కాస్త పైకి లేచిన పౌచ్ కొనండి. బల్ల మీద, గట్టు మీద ఫోన్‌ను కెమెరా కిందికి వచ్చేలా ఈడ్చకండి. బయట పనికి వెళ్ళేవాళ్ళు చట్రం గురించి పడే ఆరాటంలో సగం ఈ అద్దం మీద పెడితే చాలు.

ఫోన్ మీది కాకుండా కంపెనీదో, కార్యాలయానిదో అయినప్పుడు గీత విలువ ఒక్కసారిగా మారిపోతుంది. ఉద్యోగం మానేటప్పుడు, బదిలీ అయినప్పుడు ఫోన్ తిరిగిస్తే, "ఇది గీతలు పడింది, చివరి జీతంలో కోస్తాం" అనే మేనేజర్లు ఉన్నారు. మీకంటే ముందు ఇద్దరు వాడిన ఫోన్ అయి ఉండొచ్చు. కానీ అప్పగించిన రోజు ఎవరూ ఏమీ రాసుకోలేదు కాబట్టి మాట మీ మీదికే వస్తుంది. కాబట్టి ఫోన్ చేతికిచ్చిన రోజే, అదే గదిలో, పౌచ్ తీసి ఆరు వైపులా ఫొటోలు తీయండి. నాలుగు మూలలూ, కెమెరా అద్దం, ఛార్జింగ్ సందు దగ్గరగా తీయాలి. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు ఫొటో కూడా ఉండాలి, లేకపోతే ఆ ఫొటోలు ఏ ఫోన్‌వో చెప్పలేరు. వాటిని ఆ రోజే అధికారికి మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపుతూ రెండు వాక్యాలు రాయండి: "ఫోన్ ఈ రోజు అందుకున్నాను. కింది ఎడమ మూల రంగు పోయి ఉంది, వెనక రెండు గీతలు ఉన్నాయి, స్క్రీన్, కెమెరా బాగున్నాయి, ఫొటోలు జతచేశాను." రిజిస్టరులో సంతకం అడిగితే సంతకం పక్కనే ఈ మాట క్లుప్తంగా రాయండి. కొత్తగా చేరినవాళ్ళు ఇలా రాస్తే అనుమానించినట్టు ఉంటుందేమోనని మొహమాటపడతారు. ఇది మర్యాదగా చేసే పని. పై అధికారికి కూడా తన మీద మాట రాకుండా ఇదే కాపాడుతుంది.

అయినా జీతం కోస్తామంటే చట్టం ఏం చెబుతుందో తెలిసి ఉండాలి. యజమాని ప్రత్యేకంగా అప్పగించిన వస్తువు పాడైందని కోత పెట్టాలంటే, ఆ నష్టం నేరుగా ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే, అతని తప్పు వల్లే జరిగి ఉండాలి. కోత అసలు నష్టాన్ని మించకూడదు. కోసేముందు ఉద్యోగి తన సంజాయిషీ చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్న ఈ రక్షణ 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. రోజూ పొలాల గట్ల మీద తిరిగే పనిలో అల్యూమినియం అంచు తెల్లబడడం నిర్లక్ష్యం ఎలా అవుతుంది? తయారుచేసిన కంపెనీలే దాన్ని మామూలు అరుగుదల అంటున్నాయి. అందుకే కోత మాట వచ్చినప్పుడు నోటితో వాదించకండి. నష్టం ఎంతో, ఎలా లెక్కగట్టారో రాతపూర్వకంగా అడగండి. చాలాచోట్ల ఆ కాగితం అడగగానే కోత మాట ఆగిపోతుంది. ఆగకపోతే ఫొటోలు, మెయిల్, జీతం చీటీ పట్టుకుని జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్ళాలి.

ఫార్మా ప్లాంట్లలోనో, ఫోన్ లోపలికి అనుమతించని మరో చోటో పని చేసేవాళ్ళకు ఇంకో చిన్న జాగ్రత్త. గేటు దగ్గర ట్రేలో అందరి ఫోన్లూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటే, ఒకరి కెమెరా అంచు ఇంకొకరి చట్రాన్ని గీస్తుంది. గుడ్డసంచి ఒకటి కుట్టించుకుని అందులో వేసి ఇవ్వండి. ఆ సంచి మీద పేరు రాసుకుంటే ఫోన్ మారిపోయే గొడవ కూడా ఉండదు.

సొంత డబ్బుతో కొనేటప్పుడూ రుజువు సూత్రం ఇదే. గీతలు, సొట్టలు వారంటీలోకి రావని కంపెనీలు ముందే రాసి ఉంచుతాయి. అంటే ఇంటికి తెచ్చాక కనిపించిన గీత మీ ఖాతాలోకే పోతుంది. దుకాణంలోనైతే పెట్టె సీలు మీ ఎదుటే తీయించి, వెలుతురులోకి తెచ్చి, చట్రాన్ని ఏటవాలుగా తిప్పుతూ చూడండి. తిన్నగా చూస్తే సన్నటి గీత కనిపించదు. ఆన్‌లైన్‌లో కొంటే, తెచ్చినవాళ్ళ ఎదుటే పెట్టె తెరిచి చూశాక ఓటీపీ చెప్పే డెలివరీ ఉంటే అదే ఎంచుకోండి. లేకపోతే సీలు కోయడం దగ్గర నుంచి ఆపకుండా వీడియో తీయండి. ఏ దెబ్బా తగలకుండా రంగు పొర దానంతట అదే పెచ్చులూడితే మాత్రం అది గీత కింద లెక్క కాదు, తయారీలో లోపం. ఆ మాటనే సర్వీసు సెంటరు జాబ్‌షీటులో రాయించుకోండి. వాళ్ళు "కాస్మెటిక్" అని ఒక్క ముక్కలో రాసి ఇస్తే, మీ ఫిర్యాదును మీ మాటల్లో రాయమని పట్టుబట్టండి.

పాత ఫోన్ ఎక్స్చేంజికి ఇచ్చేటప్పుడు దుకాణదారు మొదట చట్రం మీద గీతలే చూపించి ధర దించుతాడు. స్క్రీన్ మీద మచ్చ లేదని, మూలల్లో సొట్ట లేదని, కెమెరా ఫొటో శుభ్రంగా ఉందని మీరు చూపించండి. బిల్లు, పెట్టె దగ్గరుంటే ఇంకా మంచిది. ఒకే వీధిలో రెండు దుకాణాలు అడగకుండా ఇచ్చెయ్యకండి.

అమ్మినవాళ్ళు మాట వినకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. శ్రీకాకుళంలో ఒకటి, విజయనగరంలో ఒకటి. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వస్తువు ఎక్కడ కొన్నా మీరు ఉండే చోటో పని చేసే చోటో ఫిర్యాదు వెయ్యొచ్చు. హైదరాబాద్‌లో కొన్న ఫోన్ మీద పండక్కి ఇంటికొచ్చినప్పుడు శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చన్నమాట. అయిదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, గడువు రెండేళ్ళు. బిల్లు, పెట్టె తెరిచిన రోజు వీడియో, జాబ్‌షీటు నకలు, దుకాణానికి పంపిన మెసేజీల ప్రింట్లు జతచేయాలి. ఆ వీడియోను గీతలుపడ్డ ఆ ఫోన్‌లోనే ఉంచుకోకుండా ఇంకోచోట కూడా దాచుకోండి.